నెల తప్పకముందు

(ఆదివారం ఉదయం మన తెలుగు రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి ఇది అక్షరరూపం. వినడానికి వీలుపడని వారి కోసం ఇక్కడ ఇస్తున్నాం.)



షుగర్ జబ్బు గురించి మాట్లాడతానంటే "మళ్ళీ మెంతులూ కాకరకాయ రసమేనా" అని మీలో కొందరు రేడియో కట్టేసే ప్రమాదం ఉంది. దయచేసి కట్టేయకండి. నేను చెప్పబోయేది వంటింటి వైద్యం కాదు, చరిత్ర. నేను డాక్టర్ని కూడా కాను, కంప్యూటర్ కన్సల్టెంట్‌ని. రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చింది. అప్పుడు రాత్రిళ్ళు నిద్రపట్టక మొదలుపెట్టిన చదువు, పాప పుట్టి షుగర్ పోయాక కూడా నన్ను వదల్లేదు. ఆ చదివినదాంట్లోంచి కొంత ఇవాళ మీతో పంచుకుంటాను.

ఒక చిన్న ప్రశ్న. షుగర్ ఉన్న అమ్మాయి బిడ్డని కనాలనుకుంటే వైద్యం ఎప్పుడు మొదలవ్వాలి? ఈ ప్రశ్నకి రెండు వందల ఏళ్ళుగా డాక్టర్లు చెబుతున్న జవాబు మారుతూ వచ్చింది. మొదట్లో నొప్పులొచ్చాక చూసుకునేవారు. తర్వాత చివరి నెలలు ముఖ్యమన్నారు. ఆ తర్వాత నెల తప్పిన దగ్గర్నుంచీ అన్నారు. ఇప్పుడు నెల తప్పకముందే అంటున్నారు. జవాబు క్యాలెండర్లో ఇలా వెనక్కి ఎందుకు జరిగిందన్నదే ఈ కథ.

మధుమేహం మనకి కొత్త మాట కాదు, చరకుడూ సుశ్రుతుడూ ఎరిగిన జబ్బే. అయితే గర్భిణిలో దాన్ని గుర్తించి వివరంగా రాసిన తొలి కేసు అని అందరూ చెప్పుకునేది బెర్లిన్‌లోది. 1823 నవంబరులో ఫ్రెడరికా పాపే అనే 22 ఏళ్ళ ఆవిడ ఐదో కాన్పుకి అక్కడి ఆసుపత్రిలో చేరింది. ఎంత తాగినా తీరని దాహం. హైన్రిక్ బెనెవిట్జ్ అనే వైద్య విద్యార్థి ఆవిడ మూత్రంలో చక్కెర ఉందని రుజువు చేశాడు. వైద్యమంటే అప్పటి అలవాటు ప్రకారం రక్తం తీయడం, పథ్యం పెట్టడం. నెలలు నిండాక పుట్టిన బిడ్డ 12 పౌన్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. కాన్పు కష్టమై బిడ్డ దక్కలేదు. తల్లి బతికింది, కాన్పు తర్వాత ఆవిడ మూత్రంలో చక్కెర మాయమైంది. బెనెవిట్జ్ 1824లో దీన్నే తన థీసిస్‌గా రాసి, ఈ చక్కెర గర్భం వల్ల వచ్చిందేనని వాదించాడు. తల్లికి చక్కెర, కడుపులో అతి పెద్ద బిడ్డ, కాన్పు కాగానే జబ్బు మాయం. ఈ రోజు జెస్టేషనల్ డయాబెటిస్ అని మనం అంటున్నదంతా ఆ ఒక్క కేసులోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే మిగతా కథ కలగాపులగం అవుతుంది. గర్భం వల్ల వచ్చి కాన్పుతో పోయే షుగర్ ఒకటి. గర్భానికి ముందే ఉన్న షుగర్ ఇంకొకటి, అది టైప్ 1 కావచ్చు, టైప్ 2 కావచ్చు. రెండోది చాలా ప్రమాదం. 1882లో లండన్‌లో మాథ్యూస్ డంకన్ అనే డాక్టరు మధుమేహం ఉన్న తల్లుల 22 గర్భాల వివరాలు పోగుచేశాడు. తల్లుల చావులు, బిడ్డల చావులు ఆ కాగితాల నిండా ఉన్నాయి. నిజానికి చిన్నతనంలో షుగర్ వచ్చిన ఆడపిల్లలు కాన్పు దాకా బతకడమే అరుదు. ఇన్సులిన్ లేని రోజుల్లో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ వంటి డాక్టర్లు చేయగలిగిందల్లా తిండి తగ్గించి, పిల్లల్ని ఎముకల గూళ్ళుగా కొన్నాళ్ళు బతికించడం.

1922 జనవరిలో టొరాంటోలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటి ఇన్సులిన్ సూది వేశారు. ఆ కథ మీకు తెలిసే ఉంటుంది. మన కథకి కావలసిన అమ్మాయి వేరే. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూతురు ఎలిజబెత్ అదే ఏడాది ఆగస్టులో టొరాంటో చేరేసరికి, పదిహేనేళ్ళు నిండబోతున్న పిల్ల, బరువు 45 పౌన్లు. బాంటింగ్ చేతి ఇన్సులిన్‌తో బతికింది. 1930లో పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, 1981 దాకా జీవించింది. ఇన్సులిన్ ఒక ఆడపిల్లకి ఏమి ఇచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కానీ నన్ను ఆపేసింది వేరే సంగతి. ఆవిడ తన జబ్బుని జీవితమంతా దాచిపెట్టింది. తండ్రి దస్త్రాల్లోంచి కూడా ఆ ప్రస్తావనలు తీసేయించింది. దేశంలో పేరుమోసిన కుటుంబం, ప్రాణం పోసిన మందు, అయినా చెప్పుకోవడానికి సంకోచం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన ఇళ్ళ దాకా వచ్చినప్పుడు మళ్ళీ అవసరపడుతుంది.

ఇన్సులిన్ వచ్చాక తల్లులు బతకడం మొదలైంది. బిడ్డలు మాత్రం చనిపోతూనే ఉన్నారు. ఈ తేడాని పట్టుకుని యాభై ఏళ్ళు పోరాడిన మనిషి ప్రిసిల్లా వైట్. 1900లో బోస్టన్‌లో పుట్టింది, 1923లో టఫ్ట్స్‌లో మెడిసిన్ పూర్తిచేసింది. ఆడవాళ్ళని బోస్టన్ పెద్దాసుపత్రులు ఇంటర్న్‌లుగా తీసుకోని కాలం అది, అందుకని వూస్టర్ వెళ్ళి చేసుకుంది. 1924లో ఎలియట్ జాస్లిన్ దగ్గర చేరింది. జాస్లిన్ ఆవిడకి పిల్లల్నీ గర్భిణుల్నీ అప్పగించాడు. ఆవిడ చేరినప్పుడు షుగర్ ఉన్న తల్లుల బిడ్డల్లో దక్కుతున్నవాళ్ళు దాదాపు 54 శాతం, అంటే ఇద్దరిలో ఒకరికి కొంచెం పైన. 1974లో రిటైర్ అయ్యేసరికి అది 90 శాతం దాటింది.

ఎలా? మంత్రమేమీ లేదు. గర్భిణులని నెలకోసారి కాదు, వారం వారం చూసేది. షుగర్ డాక్టరు, కాన్పు డాక్టరు, పిల్లల డాక్టరు ఒకే చోట కూర్చుని మాట్లాడుకోవాలని పట్టుబట్టింది. ఎక్కువమంది బిడ్డలు చివరి వారాల్లో, అంతా బాగానే ఉందనుకున్న రోజుల్లో, కడుపులోనే హఠాత్తుగా ఆగిపోతున్నారని గమనించి నెలలు నిండకముందే కాన్పు చేయించడం మొదలుపెట్టింది. మరీ ముందైతే బిడ్డ ఊపిరితిత్తులు తయారుకావు, ఆలస్యమైతే బిడ్డే ఉండదు. ఏ తల్లికి ఎంత ముందు అన్నది తేల్చడానికి 1949లో ఒక వర్గీకరణ ప్రచురించింది. షుగర్ ఏ వయసులో వచ్చింది, ఎన్నేళ్ళయింది, కళ్ళూ మూత్రపిండాలూ రక్తనాళాలూ ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఎ, బి, సి అంటూ తరగతులు. దశాబ్దాల తరబడి ప్రపంచమంతా డాక్టర్లు "వైట్ క్లాస్" అని రాసుకున్నది అదే.

ఆవిడని దేవతని చేసి వదిలేస్తే అది చరిత్ర కాదు. గర్భిణుల్లో హార్మోన్లు సమంగా లేకపోవడమే బిడ్డల చావుకి కారణమని ఆవిడ గట్టిగా నమ్మింది. స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని, ప్రొజెస్టిరాన్‌తో కలిపి, తన రోగులకి ఏళ్ళ తరబడి ఇచ్చింది. ఫలితాలు బాగున్నాయి కనుక మందు పనిచేస్తోందని అనుకుంది. కానీ ఆ తల్లులకి వారం వారం అంత శ్రద్ధగా చూసే డాక్టరు కూడా ఉంది కదా! బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కొందరికి మందు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి పోల్చి చూసింది. హార్మోన్ల వల్ల లాభమేమీ లేదని 1955లో తేల్చింది. 1971లో అదే బోస్టన్ నగరంలోని డాక్టర్లు, ఈ మందు వాడిన తల్లులకి పుట్టిన ఆడపిల్లల్లో యుక్తవయసులో ఒక అరుదైన క్యాన్సర్ వస్తోందని బయటపెట్టారు. ఆ ఏడాదే గర్భిణులకి ఇవ్వొద్దని అమెరికా ప్రభుత్వం డాక్టర్లని హెచ్చరించింది. బిడ్డల్ని దక్కించింది ఆ మాత్ర కాదు, ఆ వారం వారం చూపు అని నా అభిప్రాయం.

బిడ్డలు అంత లావుగా ఎందుకు పుడతారన్నది కోపెన్‌హాగెన్‌లో యోర్గెన్ పీడర్సన్ 1952లో వివరించాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకి చేరుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. అందుకని బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ఇన్సులిన్‌తో చక్కెరంతా కొవ్వవుతుంది. పుట్టి బొడ్డుతాడు కోయగానే తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఆగదు, అందుకే పుట్టిన కొద్ది గంటల్లో బిడ్డకి షుగర్ పడిపోతుంది. బెర్లిన్ బిడ్డ అంత బరువెందుకో ఇప్పుడు తెలిసింది. "ఇద్దరి కోసం తినాలమ్మా" అని సీమంతంలో లడ్డు మీద లడ్డు పెట్టే మన పెద్దవాళ్ళకి నేను చెప్పే కథ కూడా ఇదే. మా అత్తగారికి మాయ సంగతి చెప్పాకే మైసూర్‌పాక్ డబ్బా అలమర పైకెక్కింది.

గర్భంలో వచ్చే షుగర్‌ని లెక్కల్లోకి తెచ్చింది మళ్ళీ బోస్టనే. 1964లో జాన్ ఒసల్లివన్, గణాంకవేత్త క్లేర్ మహాన్ 752 మంది గర్భిణులకి గ్లూకోజ్ తాగించి పరీక్షించి, ఏ అంకె దాటితే షుగర్ అనాలో గీత గీశారు. విచిత్రమేమంటే ఆ గీత బిడ్డ కోసం గీసింది కాదు. ఆ తల్లికి మునుముందు శాశ్వతంగా షుగర్ వస్తుందా అన్నది ఊహించడానికి గీసింది. బిడ్డ మీద ప్రభావం ఎంతన్నది పెద్ద ఎత్తున తేలింది 2008లో. తొమ్మిది దేశాల్లో పాతికవేల మందికి పైగా గర్భిణులతో చేసిన హాపో అధ్యయనంలో, తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డకి ఇబ్బందీ పెరుగుతుందనీ, ఇక్కడిదాకా క్షేమం అని చెప్పగల మెట్టు లేదనీ తెలిసింది.

ఇంతవరకూ చెప్పిందంతా గర్భం మధ్య నెలల గురించీ చివరి నెలల గురించీ. 1970లు వచ్చేసరికి బిడ్డలు పుట్టి బతుకుతున్నారు. కానీ వారిలో కొందరు గుండెలో లోపంతోనో, వెన్నులో లోపంతోనో పుడుతున్నారు. ఈ అవకరాలు మాత్రం తగ్గడం లేదు. వారం వారం చూసినా, ఆసుపత్రిలో పడుకోబెట్టినా తగ్గడం లేదు. ఎందుకని?

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఇది రోజూ చూసే సంగతి. డిజైన్‌లో దొర్లిన తప్పుని ఎంత టెస్టింగ్ చేసినా చివర్లో సరిచేయలేం. బిడ్డ వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. గుండె, మిగతా అవయవాలు ఎనిమిది వారాలకల్లా రూపుకడతాయి. నెల తప్పింది, అనుమానం వచ్చింది, పరీక్ష చేసుకున్నారు, అపాయింట్‌మెంట్ దొరికింది. మొదటిసారి డాక్టరు ముందు కూర్చునేసరికి ఆ నిర్మాణం చాలావరకూ అయిపోయి ఉంటుంది.

దీన్ని రుజువు చేయడానికి గడిచిన నెలల షుగర్‌ని కొలిచే సాధనం కావలసి వచ్చింది. అదే ఎ1సి. ఇరాన్‌కి చెందిన శామ్యూల్ రహబార్ 1960ల చివర్లో షుగర్ రోగుల హిమోగ్లోబిన్‌లో కనిపెట్టిన తేడా అది. 1981లో జాస్లిన్ క్లినిక్ వారే, గర్భం తొలి వారాల్లో ఎ1సి ఎక్కువగా ఉన్న తల్లుల బిడ్డల్లోనే అవకరాలు ఎక్కువని చూపించారు. ఎడిన్‌బరాలో జుడిత్ స్టీల్ అనే డాక్టరు అప్పటికే, 1976లో, పిల్లలు కావాలనుకుంటున్న షుగర్ ఉన్న స్త్రీల కోసం గర్భానికి ముందే రమ్మనే క్లినిక్ పెట్టింది. అప్పటికి అది వింతే.

అసలు అంకెలు వచ్చింది ఎవరూ ఊహించని చోటు నుంచి. తూర్పు జర్మనీలో కార్ల్స్‌బర్గ్ అనే పల్లెటూళ్ళో ఒక షుగర్ ఆసుపత్రి ఉండేది. అక్కడ ఫూర్మన్ బృందం, గర్భానికి ముందు నుంచే షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకుని వచ్చిన 128 మందిని, గర్భం వచ్చాక చేరిన 292 మందితో పోల్చింది. 1983లో ప్రచురించారు. ఆలస్యంగా వచ్చిన వారి బిడ్డల్లో 22 మందికి అవకరాలు. ముందే వచ్చిన వారి బిడ్డల్లో ఒక్కరికి. శాతాల్లో 7.5, 0.8. రెండు గుంపులకీ ఆసుపత్రి అదే, ఇన్సులిన్ అదే. ముఖ్యమైన తేడా ఎప్పుడు మొదలుపెట్టారన్నదే. ఆ అంకెల ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ఆ 22 మంది తల్లుల్లో ఎంతమందికి "ముందే రావాల్సింది" అని ఎవరైనా చెప్పి ఉంటారు?

ఇది సాధ్యం కావడానికి ఇంట్లో షుగర్ చూసుకునే యంత్రం కూడా ఒక కారణం. 1969లో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, తనకే టైప్ 1, ఆసుపత్రులకి మాత్రమే అమ్మే మీటర్‌ని డాక్టరైన భార్య పేరు మీద తెప్పించుకుని, రోజుకి చాలాసార్లు చూసుకుని తన షుగర్ సర్దుకున్నాడు. ఇంజనీర్ల మీద గౌరవం కొంచెం పెరిగింది కదూ! 1980ల మొదట్లో న్యూయార్క్‌లో లోయిస్ జొవనోవిక్ గర్భిణుల చేతికి ఆ మీటర్లు ఇచ్చి, మామూలు తల్లుల షుగర్‌కి దగ్గరగా తీసుకురావచ్చని చూపించింది. ఆవిడకీ టైప్ 1 ఉండేది. ఇప్పుడు చేతికి అతికించుకునే సెన్సర్లు వచ్చాయి.

గర్భానికి ముందు వైద్యంలో ఇంకో చిన్న మాత్ర ఉంది, అందులో మన మనిషి చెయ్యి ఉంది. ఫోలిక్ యాసిడ్. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో, నూలు మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ ముద్దతో తగ్గుతుందని కనిపెట్టింది. అందులోని పదార్థాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లే కంపెనీలో, ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. భీమవరంలో పుట్టి, ఇద్దరు అన్నదమ్ములని స్ప్రూ జబ్బుకి పోగొట్టుకుని, 1920ల మొదట్లో బోస్టన్ వచ్చిన మనిషి. ప్రిసిల్లా వైట్ జాస్లిన్ దగ్గర చేరేనాటికి ఆయనా అదే ఊళ్ళో ఉన్నారు. ఆయన 1948లో పోయారు. ఆ విటమిన్ గర్భానికి ముందే మొదలుపెడితే, అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డని కన్న తల్లుల్లో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గుతుందని బ్రిటన్‌లో తేలింది 1991లో. షుగర్ ఉన్న స్త్రీలకి అక్కడ మామూలు కన్నా ఎక్కువ మోతాదు, రోజుకి 5 మిల్లీగ్రాములు, గర్భానికి ముందు నుంచి 12వ వారం దాకా వాడమంటారు. మీకెంతో మీ డాక్టరే చెప్పాలి. అమెరికాలో 1998 నుంచి గోధుమపిండి వంటి వాటిలో దీన్ని కలుపుతున్నారు. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చుకునే బియ్యం, ఆటా సంచుల మీద ఆ మాట ఉందో లేదో ఓసారి చూడండి.

మన దేశంలో గర్భిణుల షుగర్‌ని అందరి దృష్టికీ తెచ్చిన పేరు చెన్నై డాక్టర్ వి. శేషయ్య గారిది. పరగడుపున రమ్మంటే పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే గర్భిణులకి కుదరదు, ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. అందుకని తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, రెండు గంటల తర్వాత ఒక్క సూదితో చూసే పద్ధతి పెట్టారు. 140 దాటితే షుగర్. దీనికన్నా కచ్చితమైన పరీక్షలు ఉన్నాయని వాదించేవారున్నారు. చేయించుకోలేని కచ్చితమైన పరీక్షకన్నా చేయించుకోగలిగే పరీక్ష మేలని నాకనిపిస్తుంది. భారత ప్రభుత్వం 2014 మార్గదర్శకాల్లో దీన్నే తీసుకుంది.

ఇక మన సంగతి. ఇక్కడ గ్లూకోజ్ పరీక్ష మామూలుగా 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు. గర్భం వల్ల వచ్చే షుగర్‌ని పట్టుకోవడానికి అది సరైన సమయమే. కానీ ముప్పై దాటాక పెళ్ళి, ముప్పై అయిదుకి కాన్పు, ఇంట్లో అమ్మకీ నాన్నకీ షుగర్, రోజంతా కుర్చీలో ఉద్యోగం. మనలో కొందరికి టైప్ 2 అప్పటికే వచ్చి ఉంటుంది, తెలియదు అంతే. లావుగా లేం కనుక అనుమానం రాదు. అందుకే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాల వారికి షుగర్ పరీక్ష చేయాల్సిన బి.ఎం.ఐ. గీతని 25 నుంచి 23కి దించింది. 24వ వారంలో బయటపడిన టైప్ 2, కార్ల్స్‌బర్గ్‌లో ఆలస్యంగా వచ్చిన గుంపులోకే చేరుతుంది.

ఇంకొకటి, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెబుతాను. చిన్నప్పుడే షుగర్ వచ్చిన ఆడపిల్లల ఇళ్ళల్లో సంబంధాలు చూసేటప్పుడు ఆ మాట ఎత్తరు. పెళ్ళయ్యాక అత్తవారింట్లో ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, బాత్రూంలో సూది వేసుకుంటుంది. మూడు నెలల ముందు నుంచి ఎ1సి తగ్గించుకోవాలి, కళ్ళు చూపించుకోవాలి, వాడుతున్న బి.పి., కొలెస్ట్రాల్ మందుల్లో గర్భానికి పనికిరానివి మార్పించుకోవాలి, అప్పటిదాకా గర్భం ఆపుకోవాలి. ఇవన్నీ మొగుడికి తెలియకుండా ఎలా చేస్తుంది? "పెళ్ళయి ఏడాదయింది, విశేషం ఏమైనా ఉందా" అని వారం వారం ఫోన్‌లో అడిగేవాళ్ళకి ఏం చెబుతుంది? ఎలిజబెత్ హ్యూస్ దాచుకున్న కాలంలో ముందే చేయగలిగింది ఏముందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. షుగర్ ఉన్న పిల్ల పిల్లల్ని కనలేదన్న మాట 1920ల నాటిది, దాన్ని ఇంకా సంబంధాల బేరాల్లో వాడుతున్నాం.

పిల్లలు కావాలనుకుంటున్న వాళ్ళు ఎవరైనా వింటుంటే, మీ ఫ్యామిలీ డాక్టర్ని ఎ1సి అడగండి. పరగడుపున వెళ్ళనక్కర్లేదు, ఒక్క సూది. ఇదివరకే షుగర్ ఉన్నవాళ్ళు 6.5 కన్నా తగ్గాక గర్భం దాల్చమని అమెరికా సంఘం అంటుంది, షుగర్ మరీ పడిపోయే ప్రమాదం లేకుండా సుమా. 10 దాటి ఉంటే తగ్గేవరకూ ఆగమని బ్రిటన్ వారు గట్టిగా చెబుతారు. ఇదివరకు కాన్పులో షుగర్ వచ్చి పోయిన నాలాంటి వాళ్ళు, పిల్ల పుట్టిన 4 నుంచి 12 వారాల్లోపు మళ్ళీ గ్లూకోజ్ తాగి చూపించుకోవాలి, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్ళకోసారి. పిల్ల టీకాలకి మాత్రం తప్పకుండా వెళతాం, ఈ పరీక్షకి వెళ్ళం.

వచ్చే వారం ఇదే సమయానికి మీ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ఒక డాక్టరు గారు వస్తారు. పేరు చెప్పకుండా అడగొచ్చు.